వారం ముందే పెట్టిన ఊరగాయ

నేను ఒమన్‌లో పనిచేసిన రోజుల్లో నాకు పండగంటే ఒకటే తెలుసు: పొయ్యి. ఎవరి పండగైనా, ఏ దేవుడిదైనా, ఆడదాని వంతుకు వచ్చేది పొయ్యే. ఉగాదికి పచ్చడి, వినాయకుడికి కుడుములు, పీర్లకు చక్కెర చదివింపు, క్రిస్మస్‌కు పక్క వీధివాళ్ల ఇంటికి పోయి ఉల్లిపాయలు తరిగివ్వడం. కాబట్టి ఎవరైనా నా చేతిలో ఒక కాయ పెట్టి "ఇది పండగకు" అన్నారనుకోండి, నా బుర్ర ఏమీ ఆలోచించదు, చెయ్యి దానంతట అదే కత్తిపీట వైపు పోతుంది. ఆ చెయ్యి చేసిన ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోయేది. (నాకు సంతకం వరకే వచ్చు. నేను నోటితో చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఇంకా మొదలుపెట్టకముందే నవ్వుతోంది. రాయమ్మా ముందు, నవ్వేది తర్వాత.)

మా ఆయన పోయేనాటికి నాకు ముప్పై నిండలేదు. మాది కడప పక్క పల్లె, ఇల్లు బోదగడ్డి కప్పిన కొట్టం. వానొస్తే బయటొక వాన, లోపలొక వాన. ఆయన ఉన్నప్పుడు ఇద్దరం చెరో పక్క గిన్నెలు పెట్టుకుంటూ తిరిగేవాళ్లం. ఆయన పోయాక కారేచోట్లు అలాగే ఉన్నాయి, గిన్నెలు అలాగే ఉన్నాయి, పరిగెత్తే కాళ్లే సగమయ్యాయి. మిద్దె కట్టాలి, పైన స్లాబు పడాలి, వెల్లకిలా పడుకుంటే కంటికి చుక్కలు కాదు, సున్నం కనబడాలి. ఆ ఒక్క పట్టుదలతో పిల్లోణ్ని మా అమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కాను. సామాన్లో రెండు చీరలు, ఒక జాడీ, మా అత్త ఇచ్చిన కత్తిపీట. (ఆ కత్తిపీటను గుర్తుపెట్టుకోండి.)

నేను చేరిన ఇల్లు సమాయిల్ ఊరి చివర, ఖర్జూర తోటలు అయిపోయి నల్ల కొండలు మొదలయ్యేచోట ఉండేది. ఇంట్లో ఒకే ఒక్క మనిషి, డెబ్బై దాటిన తెల్లాయన. ఆయన పని ఏమిటంటే రాళ్లు చూడడం. పొద్దున్నే చిన్న సుత్తె పట్టుకుని కొండల్లోకి పోయి, మధ్యాహ్నానికి సంచీ నిండా రాళ్లు తెచ్చి, బల్ల మీద పరిచి, వాటివైపు మనం పసిపిల్లల్ని చూసినట్టు చూసేవాడు. అందుకే ఆయనకు నేను పెట్టుకున్న పేరు రాళ్లసారు. వయసులో ఉన్నప్పుడు మా కడప కొండల్లో కూడా తిరిగాడట. పనిమనిషి కోసం ఏజెంటు నా వయసు, నాకొచ్చిన వంటలు వరసగా చెబుతుంటే ఆయన అవేవీ వినకుండా "ఏ ఊరు?" అని ఒక్కమాట అడిగి, కడప అనగానే "ఈమె చాలు" అన్నాడట. నన్ను నా వంట చూసి కాదు, మా ఊరి బండలు చూసి పెట్టుకున్నాడన్నమాట. పేరుతో కూడా పిలిచేవాడు కాదు. "కడపా, టీ." "కడపా, నా కళ్లద్దాలు." ఆయనకు కాస్త హిందీ, మా వైపు తిరిగినప్పుడు పట్టుబడ్డ కాస్త తెలుగు వచ్చు. నాకు కాస్త హిందీ, కావలసినంత నోరు. ఇద్దరికీ సరిపోయేది. (చేరిన వారంలోనే ఆయన రాళ్లన్నీ సబ్బుతో కడిగి ఎండబెట్టాను. వాటి మీద ఏవో గుర్తులు రాసుకున్నాడట పాపం. నన్ను అప్పుడే పంపించేసి ఉండాల్సింది.)

ఒకరోజు పొద్దున టీ తాగుతూ, "కడపా, పెరట్లో ఒక కొట్టం కట్టాలి" అన్నాడు.

"కొట్టమా? ఎవురికి సార్?"

"నాకు. ఏడు రోజులు అందులో కూర్చోవాలి. అందులోనే అన్నం తినాలి."

మూడు పడకగదుల ఇల్లు, గదికొక ఏసీ. ఈయనకు ఎండ దెబ్బేమైనా తగిలిందా అని ముఖంలోకి చూశాను. అప్పుడు చెప్పాడు, అది వాళ్ల పండగట. తాను యూదుడట. ఆ మాట నేను వినడం అదే మొదలు. వాళ్ల ముందుతరంవాళ్లు ఎవరికిందో వెట్టిచాకిరీ చేస్తూ ఉంటే, మోషే అనే పెద్దాయన విడిపించి ఎడారిలో నలభై ఏళ్లు నడిపించాడట. అన్నేళ్లూ గుడిసెల్లో ఉన్నారట. ఆ గుర్తు మరిచిపోకుండా ఏటా పంటలు ఇంటికొచ్చే వేళ, పున్నమి నుంచి ఏడు రోజులు గుడిసెలో కూర్చుంటారట. కూర్చుని ఏడవకూడదట, సంతోషంగా ఉండాలట. అది వాళ్ల దేవుడి ఆజ్ఞ.

కొట్టం కట్టడానికి మేస్త్రీని పిలిచాను. జగిత్యాల వైపువాడు, ఊళ్లో ఒక కట్టుబడి కంపెనీలో పని. మీసం నెరిసింది గానీ నన్ను అక్కా అనే పిలిచేవాడు. ఈ నలభై ఏళ్ల సంగతి చెబితే నోరు తెరిచాడు. "నలబై ఏండ్లా అక్కా? మనకు కంపెనీ రెండేండ్లకొక్కసారన్న ఛుట్టీ ఇస్తది. గాల్లకు గది గూడ లేకుండెనా?" అని ఎన్నడూ చూడని ఆ జనం మీద జాలిపడి, డ్యూటీ దిగాక వచ్చి మనసుపెట్టి కట్టాడు. పైపులు పాతి అడుగున కాంక్రీటు పోశాడు. పైన ఖర్జూర మట్టలు వరస మీద వరస పరిచాడు. మట్టల కింద నీలం తార్పాలిన్ బిగించి కట్టి, కింద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని, "ట్యాంకరు దెచ్చి మీద గుమ్మరించినా సుక్క దిగది సార్!" అన్నాడు.

రాళ్లసారు తలెత్తి చూశాడు. "చాలా బాగుంది. చాలా గట్టి. కానీ తప్పు."

"తప్పా? నేను గట్టిన కప్పు తప్పా?"

"కింద ఆ బట్ట ఉండకూడదు. పగలు ఎండకన్నా నీడ ఎక్కువ ఉండాలి. రాత్రి చుక్కలు కనబడాలి. కప్పు ఇంత దిట్టంగా ఉంటే అది ఇల్లు అయిపోతుంది. ఇదంతా మా పెద్దలు, రబ్బీలు, కూర్చుని వాదించి వాదించి తేల్చారు."

"మీ పెద్దలకు వేరే పనేం లేకుండెనా సార్?"

"అదే వాళ్ల పని" అని నవ్వాడు.

మేస్త్రీ తార్పాలిన్ విప్పాడు, మట్టలు సగం పీకేశాడు. పీకుతున్నంతసేపూ పీనుగు లేచిన ఇంటివాడిలా ఉంది ముఖం. దిగి నా దగ్గరికొచ్చి గుసగుసగా, "అక్కా, గీ కారే కప్పు నేను గట్టిన్నని ఎవ్వలకు జెప్పకు. పేరు ఖరాబైతది" అన్నాడు. నాకు లోపల మండిపోతోంది. చుక్కలు కనబడే కప్పు కిందనుంచి తప్పించుకుని సముద్రం దాటి వస్తే, ఇక్కడ ఈ మారాజు ఏసీ వదిలిపెట్టి దాన్నే కోరి కట్టించుకుంటున్నాడు! నోరు ఊరుకోదు కదా, అడిగేశాను.

"సార్, మా కొట్టంలో సుక్కలు ఉత్తపుణ్యానికే కనపడతాయి. దానికి పండగ యాల?"

ఆయన నవ్వలేదు. "అందుకే ఈ పండగ కడపా. స్లాబు ఉన్నవాడికి, స్లాబును నమ్ముకోవద్దు అని చెప్పడానికి."

"స్లాబు లేనోల్లకు ఏం చెప్పినారు మీ పెద్దలు?"

సుత్తెను చేతిలో ఒకసారి తిప్పాడు. "వాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోమన్నారు. తలుపు వేసుకుని తనవాళ్లతో మాత్రమే తిన్నవాడిది పండగ సంతోషం కాదు, ఒట్టి పొట్ట సంతోషం అన్నారు."

ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. బల్ల మీద, రాళ్ల మధ్య ఒక ఫొటో ఉండేది, వాళ్లావిడది. ఆమె పోయి రెండేళ్లట. "గుడిసెలో కూర్చోవడం కష్టంగా ఉంటే లేచి ఇంట్లోకి పోవచ్చు, తప్పులేదు అని కూడా మా పెద్దలు చెప్పారు. వాన, ఎండ, దోమలు, ఏదైనా సరే. ఆమె పోయాక నేను ఆ మాటే పట్టుకుని రెండేళ్లు గుడిసే కట్టలేదు. నాది దోమల కష్టం కాదు గానీ కష్టమే కదా. ఈ ఏడు చూద్దామనుకుంటున్నాను." అంటూ ఫొటోకు పట్టిన దుమ్మును చొక్కా చేతితో తుడిచాడు. నేనూ మొగుడు పోయినదాన్నే. పండగపూట ఇల్లు ఎలా ఉంటుందో ఒకరు నాకు చెప్పనక్కర్లేదు. ఆ పూటతో కొట్టం మీద నా కోపం పోయింది. పెరడంతా ఊడ్చి ముగ్గు కూడా వేశాను. (ముగ్గు వాళ్ల పద్ధతిలో ఉందో లేదో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.)

పండగకు ముందురోజు వాళ్ల దేశం నుంచి అక్క ఎవరిచేతో ఒక పొట్లం పంపింది. అందులో తడిగుడ్డలో చుట్టిన రెండు రకాల ఆకుకొమ్మలు, ఒక చిన్న చెక్కపెట్టె. పెట్టె తెరిస్తే లోపల మెత్తటి నార, నార మధ్యలో పడుకోబెట్టిన ఒక దబ్బపండు! పచ్చగా, ఒళ్లంతా బుడిపెలతో, చివర ముద్దుగా ఒక మొన. వంటిల్లంతా వాసన గుప్పుమంది. రాళ్లసారు దాన్ని రెండు చేతులతో ఎత్తి నాకు చూపించి, "కడపా, ఈ పండు పండగకు. జాగ్రత్త. చాలా చాలా జాగ్రత్త" అని చల్లగా ఉండేచోట, వంటింటి అరలో పెట్టాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. పండగ రేపు రాత్రి. పండు నారలో పడి ఎండిపోతోంది. జాగ్రత్త చెయ్యమన్నాడు. మన ఇళ్లలో దబ్బపండును జాగ్రత్త చెయ్యడమంటే ఏమిటి? ఉప్పులో వెయ్యడం. పాపం మగమనిషి, ఊరగాయ పెట్టేవాళ్లు లేక ఆవిడ పోయినప్పటినుంచి నోరు చవిచచ్చి ఉంటాడు, అందుకే కాయ తెప్పించుకున్నాడు అనుకున్నాను. మర్నాడు ఆయన కొండల్లోకి పోగానే కత్తిపీట వాల్చి కూర్చున్నాను. ముందు ఆ మొన తెగ్గోసి పారేశాను, అది చేదుంటుంది కదా. ముక్కలు తరిగి ఉప్పు, పసుపు, కారం కలిపి జాడీకెత్తాను. రుచికి నాలుగు ముక్కలు పక్కనపెట్టి ఆవాలు, ఇంగువ పోపు వేశాను. ఇల్లంతా మా పల్లె అయిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం పెరుగన్నం పక్కన ఆ ముక్కలు వేశాను. ఆయన ఒకటి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "బాగుంది కడపా! చాలా బాగుంది! ఇది ఏం కాయ?"

"మీదే సార్. పెట్టెలోది."

ఆయన నమలడం ఆగిపోయింది. మింగాలో వద్దో తెలియనట్టు అలాగే కూర్చున్నాడు. మెల్లగా లేచి అర దగ్గరికి పోయి పెట్టె తెరిచి చూశాడు. నార ఉంది. ఆ నారను వేళ్లతో ఒకసారి సర్ది, మూత వేశాడు. ఆయన అరిచి ఉంటే బాగుండేది, అరుపుకు నేను జవాబు చెప్పగలను. అరవలేదు. ఆ పండును పండగ తొలిరోజు పొద్దున, కొమ్మలతో పాటు చేతిలో పట్టుకుని దేవుడికి దండం పెట్టుకుంటారట. చిన్న మచ్చ పడినా, మొన విరిగినా పనికిరాదట. అది లేకపోతే ఆ దండం లేనట్టేనట. ఇదంతా చల్లగా చెప్పి, చివర్లో అన్నాడు:

"పరవాలేదు కడపా. ఈ ఏడూ వద్దనుకుంటాను. మేస్త్రీకి చెప్పు, గుడిసె విప్పేయమని."

పనిలోంచి తీసేస్తాడనే భయం ఉంది, లేదనను; మిద్దె కళ్లముందు కూలిపోయింది. కానీ అంతకన్నా ఎక్కువగా, ఆ ముసలాయన రెండేళ్ల తర్వాత ఒక అడుగు బయటికి వేస్తే, నేను దాన్ని తరిగి పోపు పెట్టానే అని బాధ. మేస్త్రీకి ఫోన్ చేశాను, విప్పడానికి కాదు. "అబ్బోడా, పొద్దు మునగకముందు నాకొక దబ్బపండు కావల్ల. మొనతో సహా. లేకుంటే నేను ఈ ఇంట్లో ఉండలేను."

"ఇప్పుడా? డ్యూటీల ఉన్న అక్కా."

"కడుపునొప్పని చెప్పి రా!"

వచ్చాడు, కంపెనీ పికప్‌తోనే. ముందు సంతకు పోయాం. కూరగాయల కొట్టతను నిమ్మకాయలు చూపించాడు, పంపరపనస చూపించాడు, చివరికి పచ్చ బొప్పాయి చూపించి ఇది కూడా బాగుంటుందన్నాడు. ఏడుపొక్కటే తక్కువ నాకు. అప్పుడు మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. "ఆగక్కా. పోయిన నెల ఒక ముసలవ్వ తోటల కాలువగోడ గట్టిన. గాడ గీసొంటి బుడిపెల నిమ్మచెట్టు జూసిన!"

ఆ అవ్వను ఊళ్లో అందరూ హబూబా అంటారు, అక్కడ అవ్వ అనడానికి అదే మాట. ఖర్జూర చెట్ల నీడలో చాప వేసుకుని కూర్చుని ఉంది. వచ్చిన పని చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి, ముందు ఖర్జూరాలు తోసింది, చిన్న గిన్నెలో కహ్వా, అంటే అక్కడి కాఫీ, పోసింది. అది తాగనిదే మాట ఎత్తకూడదు, అక్కడి మర్యాద. గబగబా తాగి గిన్నె ఇచ్చాను. మళ్లీ నింపింది. పెద్దావిడ మాట కాదనలేక అదీ తాగి ఇచ్చాను. మళ్లీ నింపింది. అవతల పొద్దు వాలిపోతోంది, ఇవతల నా కడుపు చెరువైపోతోంది, ఆమె పోస్తూనే ఉంది. మేస్త్రీ పళ్లు బిగించి, "గిన్నె ఊపక్కా! ఊపితేనే సాలని అర్థం! ఊపు!" అన్నాడు. పూనకం వచ్చినదానిలా ఊపాను. అవ్వ పకపకా నవ్వి కూజా కింద పెట్టింది.

అప్పుడు మేస్త్రీ తనకొచ్చిన అరబ్బీలో కథంతా చెప్పాడు. నేను కత్తిపీట ముందు కూర్చుని తరిగినట్టు అభినయం కూడా చేసి చూపించాను. అవ్వ తలముసుగు అంచు నోటికి అడ్డంపెట్టుకుని నవ్వి, ఏదో అడిగింది.

"ఏ పండుగ అని అడుగుతుందక్కా."

"మోషే అంట, ఆయన జనాలది అని చెప్పు."

ఆ పేరు అక్కడ మూసా. వినగానే అవ్వ ముఖంలో నవ్వు తగ్గి చెయ్యి గుండె మీదికి పోయింది. "మూసా నబీ మాకు గూడ పెద్దమనిషే అంటుందక్కా. గనీ చెట్టుకు మంచిది ఒక్కటే ఉన్నదట. దాన్ని బట్టలపెట్టెల పెట్టుకుంటదట, వాసనకు. అమ్మనంటుంది, ఎంతిచ్చినా."

నేను ఆమె కాళ్ల దగ్గర చతికిలబడ్డాను. నాకు అరబ్బీ రాదు. మా ఆయన లేడని ఖాళీ నుదురు చూపించాను, రాళ్లసారు ఇంటివైపు చూపించి ఆయనకూ లేదన్నట్టు చెయ్యి తిప్పాను. అవ్వ కర్ర పట్టుకుని లేచి చెట్టు దగ్గరికి పోయి, ఆ పండును తన చేత్తోనే కోసి నా ఒళ్లో పెట్టి ఏదో గట్టిగా చెప్పింది. మేస్త్రీ చెప్పాడు: "ఇది ఆయనదే అని చెప్పమంటుంది. పండుగైనంక మాత్రం తిరిగియ్యాల్నట. మొన ఇరగ్గొట్టకుంట." పండు దొరికిందని మేస్త్రీ కబురు చేస్తే, చెట్టు అంటుకట్టిందా అని అడగమని రాళ్లసారు ఫోన్‌లో చెప్పాడు, వాళ్లకు అంటు పనికిరాదట. అవ్వకు పౌరుషం వచ్చింది. వాళ్లత్త విత్తనం నాటి పెంచిన చెట్టట అది.

తిరుగు దారిలో ఆ పండు నా ఒళ్లో, కొంగు మడతల్లో పురిటిబిడ్డలా ఉంది. బండి ఒక గుంతలో పడబోతే, "సచ్చినోడా, మెల్లగా! మొన!" అని అరిచిన అరుపుకు మేస్త్రీ బ్రేకు మీద నిలబడ్డాడు. "మా ఆడోల్లు కాన్పుకు పోయేటప్పుడు గూడ నేను గింత మెల్లగ నడపలే అక్కా" అన్నాడు.

రాళ్లసారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పండును రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు పైకి నెట్టి, రాళ్లను చూసే చూపుతో చూశాడు. మచ్చ లేదు, మొన ఉంది. ముఖం వెలిగింది. అప్పుడు నేను నా దరిద్రపు నోటితో, "ఎరవు తెచ్చినాం సార్, పండగైనాక తిరిగి ఇయ్యాల" అన్నాను. వెలుగు ఆరిపోయింది. తొలిరోజు పండు ఎరవుది కాకూడదట, సొంతానిదే కావాలట! నేను గడప మీద కూలబడ్డాను. కానీ ఆయన వేలెత్తి, "ఆగు. ఆమె సరిగ్గా ఏమంది?" అని మేస్త్రీని అడిగాడు.

"నీదే తీస్కో, పండుగైనంక తిరిగియ్యి అన్నది సార్."

రాళ్లసారు తొడ చరిచి ఎగిరినంత పని చేశాడు. "ఇదే! అచ్చంగా ఈ మాట మీదే మా పెద్దలు వాదించారు! తిరిగివ్వమని షరతు పెట్టి ఇచ్చినా, ఇచ్చింది ఇచ్చినట్టే, అది బహుమానమే అని తేల్చారు. తిరిగివ్వకపోతే మాత్రం మొదటినుంచీ నాది కానట్టే." మేస్త్రీ నావైపు తిరిగి, "ముసలవ్వ గూడ రబ్బీలెక్కనే ఉన్నదక్కా" అన్నాడు. ఆ వెంటనే రాళ్లసారు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? నా కత్తిపీటను తన మంచం కింద దాచేయడం. వారం రోజులు కూరగాయలు కత్తితోనే తరిగాను, వేళ్లు కోసుకుంటూ.

పొద్దు మునిగింది. కొండ వెనకనుంచి పున్నమి చంద్రుడు లేచాడు. కొట్టంలో నాలుగు కుర్చీలు వేసి, మేస్త్రీని, నన్ను కూర్చోమన్నాడు. ఆ ఇంట్లో నేను ఆయన ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు, కూర్చోవడం కూడా అంచు మీదే. నాలుగో కుర్చీ ఎవరికని అడగలేదు. నాకు తెలుసు. ఆయన రొట్టె పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చదివాడు. పప్పు, అన్నం, వేపుడు వడ్డించాను. మేస్త్రీ గొంతు సవరించుకుని, "అక్కా, ఎట్లాగూ కోసినవు గద. గా ఊరగాయ జెర తెస్తివా?" అన్నాడు. నేను కళ్లెర్రజేశాను. రాళ్లసారే, "తీసుకురా కడపా" అన్నాడు. రెండు ముక్కలు వేసుకుని తిన్నాడు. తిని, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఆగలేదు, కళ్లవెంట నీళ్లొచ్చాయి.

"కడపా, పండగ అయిపోయాక మేం ఈ పండును ఏం చేస్తామో తెలుసా? చాలా ఇళ్లలో ముక్కలు తరిగి చక్కెరపాకంలో వేస్తారు. మా ఆవిడ ఏటా వేసేది. నువ్వేమీ తప్పు చెయ్యలేదు. వారం ముందు చేశావు, అంతే!"

ఇంత సంగతి ముందురోజే, పండు అరలో పెట్టేటప్పుడే చెప్పి ఉంటే నాకు అంత కహ్వా తప్పేది కదా అనిపించింది. తర్వాత ఆ కొమ్మల సంగతి చెప్పాడు. పొద్దున కలిపి పట్టుకునేవి నాలుగు. దబ్బపండుకు రుచీ ఉంది, వాసనా ఉంది. ఖర్జూరానికి రుచి ఉంది, వాసన లేదు. ఒక ఆకుకు వాసన ఉంది, రుచి లేదు. ఇంకో ఆకుకు రెండూ లేవు. రుచి అంటే చదువట, వాసన అంటే చేసిన మంచిపనులట. మనుషులు ఈ నాలుగు రకాలేనట.

"అయితే నేను ఆ రెండూ లేని ఆకునేమో సార్" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ కాస్త గుచ్చుకుంది. చదువా లేదు, చేసిన మంచిపని జాడీలో ఉంది.

"ఎవరు ఏదో మనల్ని తేల్చుకోమనలేదు కడపా. నాలుగూ కలిపి పట్టుకోమన్నారు. ఆ ఆకు లేకపోతే మిగతా మూడూ ఉన్నా లెక్కకు రావు."

మేస్త్రీ మట్టల సందుల్లోంచి పైకి చూస్తున్నాడు. "అక్కా, అగో సుక్కలు. నా కప్పు మంచిగనే ఉన్నది" అన్నాడు, ఆ కప్పు తనదని మొదటిసారి ఒప్పుకుంటూ. ఎండాకాలం దాటినా ఉక్క తగ్గలేదు. ముగ్గురికీ చెమట ధారలు కడుతోంది. లోపల ఏసీ చల్లగా ఊరికే తిరుగుతోంది. నాకు ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది. "సార్, కష్టంగా ఉందా? లోపలికి పోదామా? మీ పెద్దలు పోవచ్చన్నారు కదా."

ఆయన నాలుగో కుర్చీ వైపు చూశాడు. మాకేసి చూశాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "లేదు. కష్టంగా లేదు" అన్నాడు. మేస్త్రీ కూడా చొక్కా పిండుకుంటూ, "నాకు గూడ లేదు సార్" అన్నాడు.

పండు వారం తర్వాత మొన చెక్కుచెదరకుండా అవ్వ బట్టలపెట్టెలోకి చేరింది. (నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఈసారి ఒక్క గిన్నె తాగగానే ఊపేశాను.) ఇంకా కొన్నేళ్లు అక్కడే పనిచేశాను, ఏటా కొట్టం కట్టాం. ఇప్పుడు మా పల్లెలో నాకు మిద్దె ఉంది, దిట్టమైన స్లాబు, సున్నం కొట్టిన కప్పు. వానొస్తే ఒకటే వాన, బయట. ఏటా ఆశ్వయుజ పున్నమి దగ్గరపడితే మిద్దె మీద నాలుగు కొయ్యలు నిలిపి పైన పలచగా కొబ్బరి మట్టలు కప్పించుకుని, వచ్చినవాళ్లకు అక్కడే అన్నం పెడతాను. నేనేమీ మతం మారలేదు. కింద మా దేవుడికి దీపం పెట్టే పైకి పోతాను. "మిద్దె కట్టుకుని దాని మీద మళ్లా కొట్టమేందే, మతి పోయిందా?" అని వీధివాళ్లు నవ్వుతారు. నవ్వుకున్నా ఊరగాయ దగ్గరికొచ్చేసరికి అందరూ ఎక్కి వస్తారు.

కాయ మాత్రం తెచ్చిన వెంటనే కొయ్యను. వారం రోజులు అరలో పెట్టి, వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఒకసారి వాసన చూసుకుని, ఆ తర్వాతే కత్తిపీట వాలుస్తాను. వాల్చినప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది. సమాయిల్ వంటింట్లో చీర చెరగు దోపుకుని, అంత అపురూపమైన మొనను టక్కున తెగ్గోసి, తన తెలివికి తానే మురిసిపోతున్న ఆ పిల్ల. దాని చెయ్యి పట్టుకుని ఆపాలని ఒక్కసారి కూడా అనిపించదు. అది కొయ్యకపోయి ఉంటే నేను ఆ కుర్చీలో కూర్చునేదాన్నే కాదు.

నిన్న పున్నమి. మిద్దె మీద కూర్చుంటే చెమటలు కారుతున్నాయి. కింద ఫ్యాను తిరుగుతోంది. కోడలు మెట్లమీద నుంచే పిలిచింది, "అత్తా, ఇంత ఉక్కలో ఏం కూసుంటావు? లోపలికి రా. కష్టంగా లేదా నీకు?"

"లేదమ్మే" అన్నాను. "నువ్వే ఇంకో కుర్చీ ఎత్తుకోనిరా."